ఇగ్బోవారి వాడుకమాటలు

మన పల్లెలలో బాటను పోవువాడు కాలుజారి పడినయెడల చూచినవారు "అయ్యో" అందురు. అట్లన్నవారు వానిని త్రోసినవారు కారు. బాటలో రాయి వేసినవారును కారు. ఒకని నొప్పి చూచి మరియొకని నోట వెలువడు మాట యది. పశ్చిమాఫ్రికాయందు నైజీరియా దేశములో ఇగ్బోవారను జనులు కలరు. వారి వీథిలో ఎవడైన తొట్రుపడినచో ప్రక్కనున్నవారు "న్డో" అందురు. జ్వరముతో పడియున్నవానిని చూడవచ్చినవారును న్డో అందురు. ఎండలో మోపు మోసికొనివచ్చిన స్త్రీతోను, ఇంట చావు కలిగినవారితోను అదియే మాట. ఇగ్బోవారి వాడుకమాటలకు ఇంగ్లీషు అర్థములు చూపు పట్టికలు నేడు చాల దొరకుచున్నవి. వానిలో న్డో అను మాట కెదుట 'సారీ' అని వ్రాసియుండును.

ఆ అర్థము తప్పు కాదు, కాని చాలదు. ఇంగ్లీషువారు సారీ యనుట తరచుగ తమ తప్పు నొప్పుకొనుటకు. చావుకబురు విన్నప్పుడు వారును సారీ యందురు గాని, పరుడెవడో గడప తగిలి తూలినందుకు అనరు. ఇగ్బోవారు ఇంగ్లీషున మాటలాడునపుడును మనసులో న్డో నుంచుకొనియే సారీ యందురు. క్రొత్తగ వచ్చిన విదేశీయుడు అది విని, "ఇతడు నన్నేమి చేసెనని క్షమాపణ కోరుచున్నాడు?" అని తెల్లబోవును. అయ్యో యను మాట నెరిగిన మనకు ఆ సందేహము కలుగదు. అందుచేత ఈ జనుల మాటలను పట్టికలోని యొక్క ఇంగ్లీషు మాటతో సరిపెట్టక, ఎవరు ఎవరితో ఏ వేళ పలుకుదురో విచారింపవలెనని నా యభిప్రాయము. నేడు మీతో ముచ్చటింపదలచినది ఆ విషయమే.

ముందుగ వారి సీమను గూర్చి రెండు మాటలు. నైజరు మహానది సముద్రమున గలియు ప్రాంతమునకు ఎగువను, తూర్పుగను ఇగ్బోవారి దేశము విస్తరించియున్నది. నదికి పడమట గూడ కొందరు కలరు. అందరును కలిసి సుమారు మూడు కోట్లమంది. ఒనిత్సా, ఎనుగు, అబా, ఓవెర్రి, న్నెవి అనునవి వారి ముఖ్య పట్టణములు. నైజీరియా 1960వ సంవత్సరము అక్టోబరు 1వ తేదీన ఇంగ్లీషువారి పాలననుండి విముక్తి నొందినది. ఆ దేశమున వందలకొలది భాషలు కలవు. అందు హౌసా, యొరుబా, ఇగ్బో అను మూడును పెద్దవి. ఒకరి భాష యొకరికి తెలియనివారు కలిసినప్పుడు పిడ్జిన్ అను మిశ్రభాషలో మాటలాడుకొందురు. అందు మాటలు పెక్కు ఇంగ్లీషువి. పొందిక ఆఫ్రికా భాషలది.

ఇగ్బో అను పేరులోని 'గ్బ' యను ధ్వని మన నాలుకకు క్రొత్త. గకారమును బకారమును వెంటవెంట గాక ఒక్కమారే పలుకవలెను. అంతకంటె కష్టమైనది స్వరము. అక్వా యను నొక్క పలుకే గొంతు ఎత్తుటను దించుటను బట్టి ఏడ్పు, వస్త్రము, గ్రుడ్డు, మంచము అను నాలుగర్థముల నిచ్చును. మనకు గుడ్డకును గుడ్డుకును కొనయందలి అచ్చు మాత్రమే భేదము గదా. వారికి ఆ భేదము గొంతులో నున్నది. కాగితముమీద అక్వా యని వ్రాసి ఎదుట ఒక ఇంగ్లీషు మాట పెట్టినవాడు నాలుగింట మూడుపాళ్ళు విడిచినవాడే.

ఇక బంధువాచకముల సంగతి. ఇది నాకు మిక్కిలి రుచించిన భాగము. 'న్నా' అనగా తండ్రి, 'న్నె' అనగా తల్లి. మన నాన్నకును వారి న్నాకును చుట్టరికము కల్పింపబోకుడు, అది కాకతాళీయము. కాని వాడుకలో చిత్రమైన పోలిక యొకటి కలదు. ముసలివారు ఐదేండ్ల బాలికను చేరబిలిచి "న్నె" అందురు. పట్టికలో 'మదర్' అని చదివినవానికి ఇది వెఱ్ఱిగ తోచును. ముసలమ్మ మనుమరాలిని తల్లి యనుట యేమి? మన యిండ్లలో తాత మనుమరాలిని "అమ్మా, ఇటు రా తల్లీ" అనడా? మనుమని "నాయనా, తండ్రీ" అనడా? అదియే రీతి. యువకులు తమలో తాము "న్నా" యని పిలుచుకొందురు. పట్టణపు కుర్రవాండ్రు దానికి ఇంగ్లీషు తోక తగిలించి "న్నా మెన్" అందురు. ఆశ్చర్యము కలిగినను, విసుగు పుట్టినను, స్నేహితుడు చాలకాలమునకు కనబడినను అదియే మాట. మన "ఓరి నాయనా" దానికి సరిపోవును.

'న్వా' అనగా బిడ్డ. న్వా, న్నె కలిసి 'న్వన్నె' యగును. తల్లి బిడ్డ యని యర్థము. ఇంగ్లీషు పట్టికలో 'బ్రదర్ ఆర్ సిస్టర్' అని యుండును. మన సహోదర శబ్దమునకు ఒకే కడుపున బుట్టినవాడని గదా వ్యుత్పత్తి! ఇగ్బోవారిది అదే భావము. ఒకే తండ్రికి పలువురు భార్యలున్న పూర్వపు కుటుంబములలో తల్లి యొక్కతెయే యైనవారి మధ్య నుండు మమకారము ప్రత్యేకమైనది. ఆ మమకారమును ఈ మాట పరులకు బంచిపెట్టును. దూరదేశమున ఇగ్బో మాటలాడువాడు తారసిల్లెనా, వాడు న్వన్నె. సంతలో దుకాణదారుడు దారిపోవువానిని గూడ న్వన్నె యని పిలుచును. ఆ పిలుపుచేత ధర యేమియు తగ్గదు, అది వేరుమాట.

ఇంకొక విశేషము. మనకు నీవు, మీరు అని గౌరవభేదము కలదు. ఇగ్బోలో అది లేదు. తండ్రినైనను గ్రామపెద్దనైనను ఏకవచనముతోనే సంబోధింతురు. మర్యాద యంతయు బంధువాచకములలోను బిరుదులలోను ఇమిడియున్నది. కనుక వానిని తీసివేసి చెప్పిన ఇంగ్లీషు అర్థములో మర్యాదయే జారిపోవును. వారి బహువచనము 'ఉను'. ఈ చిన్న మాట చాల దూరము పోయినది. పూర్వము ఇగ్బోవారిని వేలకొలది పట్టి, అట్లాంటిక్ సముద్రము దాటించి బానిసలుగ నమ్మిరి. ఆ బానిసల సంతతివారుండు జమైకా ద్వీపములో నేటికిని పలువురిని సంబోధించునపుడు 'ఉను' అందురు. నైజీరియా పిడ్జిన్‌లో అది 'ఉనా' యైనది. బెండకాయకు ఇంగ్లీషులో 'ఓక్రా' యను పేరు గూడ ఇగ్బోవారి 'ఒక్వురు' నుండి వచ్చినదని భాషావేత్తల నిర్ణయము.

శరీరావయవములతో గూర్చిన పలుకుబళ్ళు మనవారికి వెంటనే బోధపడును. అసూయను వారు 'అన్యా ఉఫు' అందురు. కంటినొప్పి యని మాటకు మాట. మనము కన్నుకుట్టు అందుము. 'అన్యా ఉక్వు', పెద్దకన్ను, అనగా అత్యాశ. 'ఇసి ఇకె', గట్టితల, అనగా మొండితనము, మన తలబిరుసు. 'ఓబి ఇకె', గట్టిగుండె, అనగా ధైర్యము. పొడుగుగొంతు కలవాడన్న తిండిపోతు, పరధనమున కాశపడువాడు. ఈ మాటను ఇంగ్లీషులోనికి మార్చి నైజీరియా యంతటను 'లాంగ్ త్రోట్' అని వాడుచున్నారు. లండను నగరవాసికి ఆ రెండు మాటలును తెలియును. అర్థము మాత్రము తెలియదు.

తిట్లను గూర్చి యెక్కువ చెప్పను. 'ఎవు' అనగా మేక, బుద్ధిహీనుడని భావము. 'అను ఓఫియా' అనగా అడవిమృగము, నడవడి తెలియనివాడు. 'ఎఫులెఫు' అనగా ఎందులకును పనికిరానివాడు. స్నేహితుల నడుమ ఇవి నవ్వులాటలు. క్రొత్తవానితో అన్నచో తగవు. మన గాడిద, దున్నపోతులును అంతియే గదా. వినరానిది విన్నప్పుడు "తుఫియాక్వా!" అని తలచుట్టు చేయి త్రిప్పి చిటికె వేయుదురు. ఇంగ్లీషు పట్టికలో 'గాడ్ ఫర్బిడ్' అని యుండును గాని, అందులో చిటికె లేదు. ఉమ్మివేసినట్లుండు ఆ ధ్వనియు లేదు. "శాంతం పాపం" అనుటకును "థూ" అనుటకును నడుమ నున్నదనుకొనుడు.

క్రొత్త వస్తువులకు వారు కట్టిన పేర్లు చూచితిరా, ముచ్చటగ నుండును. నదీతీరవాసులకు పడవ తెలియును. అందుచేత మోటారుబండి 'ఉగ్బొ అలా', నేలపడవ. విమానము 'ఉగ్బొ ఎలు', మింటిపడవ. సైకిలు 'ఇన్యిన్యా ఇగ్వే', ఇనుపగుఱ్ఱము. కొయ్యదుంగను తొలిచి చేసిన 'ఎక్వే' యను వాద్యమును మ్రోగించి పూర్వము గ్రామస్థులను పిలుచుచుండిరి. దానికి చెవి యను మాట చేర్చి టెలిఫోనును 'ఎక్వేంటి' అన్నారు; చెవివాద్యము. 'అక్వుక్వొ' అనగా ఆకు. కాగితమును, పుస్తకమును, ఉత్తరమును, చదువును గూడ అదియే. తాటాకుమీద వ్రాసి పత్రమనియు కమ్మయనియు పేరిడిన మనకు దీనికి వ్యాఖ్య యక్కరలేదు.

తెల్లవారిని 'బెకే' యందురు. ఇంగ్లీషుభాషయు బెకేయే. 1854వ సంవత్సరమున నైజరు నదిపై ఆవిరిపడవతో ప్రయాణించిన విలియం బాల్ఫర్ బైకీ యను వైద్యుని పేరే యిట్లు మారెనని చెప్పుదురు. ఆ యాత్రలో అతడు క్వయినా మందు నిత్యము నియమముగ నిప్పించుటచే ఒక్కడును చనిపోలేదు. అంతకు పూర్వము ఆ నదిపైకి వెళ్ళినవారిలో పెక్కురు జ్వరములచే చనిపోయిరి. అటుపిమ్మట తెల్లవారు ధైర్యముగ రాసాగిరి. ఒక మనుష్యుని పేరు ఒక జాతికిని ఒక భాషకును పేరయ్యెను. ఫ్రాంకులన్న శబ్దము మనదేశమున పరంగి యైనట్లే యిదియు.

ఈ బెకే భాష యింటింటను చొరబడినను దానికి ప్రవేశము లేని చోటొకటి కలదు. అతిథి యింటికి వచ్చినప్పుడు యజమానుడు కోలా గింజను పళ్ళెములో నుంచి ముందు పెట్టును. దానిని 'ఓజి' యందురు. రుచికి చేదు. సీసాలలో నమ్ము కోలా పానీయములకు ఆ పేరు ఈ గింజవలననే కలిగినది. అందరిలో పెద్దవాడు దానిని చేతబట్టి, పితృదేవతలను స్మరించి, అతిథికిని గృహస్థునకును ఆయువు కోరి, విరిచి పంచిపెట్టును. గింజ నాలుగు బద్దలైనచో శుభమందురు. వారి వారమునకు ఎకె, ఓరియె, అఫొ, న్క్వొ అని నాలుగే దినములు, నాలుగును సంతదినములే. మన తాంబూలమునకెంత మర్యాదయో ఓజికంత. ఆ సమయమున పలుకు ప్రార్థన ఇగ్బోలోనే యుండవలెను. "ఓజికి ఇంగ్లీషు తెలియదు" అని వారి మాట. సీమలో ముప్పదియేండ్లు చదివి వచ్చినవాడైనను అక్కడ తన భాష వెదకికొనవలసినదే. నేటి పట్టణపు పిల్లలు ఇగ్బోను ఇంగ్లీషును కలగలిపి మాటలాడుదురు. ఆ మిశ్రమమునకు 'ఇంగ్లిగ్బో' యని పేరు పెట్టి పెద్దలు నొచ్చుకొనుచున్నారు. ఆ నొప్పి మనకును పరిచితమే.

మాట యొక్కటే యైనను నోరు మారినప్పుడు ఏమగునో చెప్పుటకు ఒక్క యుదాహరణము చాలును. 'న్యే మ్ మ్మిరి' అనగా నాకు నీరిమ్ము. వర్తకమునకును ఉద్యోగములకును ఇగ్బోవారు ఉత్తరదేశమున హౌసావారి పట్టణములకు వెళ్ళి కాపురముండిరి. దప్పిగొని నీరడిగిన ఆ మాటయే హౌసావారి చెవిని బడి 'న్యామిరి' యను ఎగతాళి పేరైనదని చెప్పుదురు. ఎగతాళి క్రమముగ ద్వేషమయ్యెను. 1966వ సంవత్సరమున ఉత్తరదేశపు పట్టణములలో వేలకొలది ఇగ్బోవారు చంపబడిరి. లక్షలకొలది జనులు మూటలు నెత్తిన బెట్టుకొని తూర్పునకు మరలి వచ్చిరి. నీరడిగిన మాట తిట్టుగ మారిన సంగతి ఏ పట్టికలోను ఒక్క పదముతో తేలదు.

1967 మే 30వ తేదీన తూర్పుసీమవారు బియాఫ్రా యను పేర వేరు రాజ్యమును ప్రకటించిరి. యుద్ధము 1970 జనవరి 15వ తేదీ వరకు సాగెను. దారులన్నియు మూయబడుటచే ఆకలికి లక్షలకొలది జనులు, అందు పసిబిడ్డలే యెక్కువగ, మరణించిరి. ఆ మూడేండ్లలో పుట్టిన వాడుకమాటలు ఇప్పటికిని పెద్దల నోట వినబడును. ఉప్పు మొదలగు వస్తువులకై స్త్రీలు ప్రాణములకు తెగించి శత్రుసైన్యముల నడుమ దాటి పోయి బేరము చేసి వచ్చెడివారు. దానిని 'అఫియా అటాక్' అనిరి. అఫియా యనగా సంత. రెండవది ఇంగ్లీషు యుద్ధపుమాట. 'సాబో' యను మాట ద్రోహి యని యర్థమిచ్చు ఇంగ్లీషుమాట తునక. అనుమానపు దినములలో ఎవనినైన సాబో యన్నచో వాని ప్రాణమునకే యపాయము. యుద్ధము ముగిసినప్పుడు జనులు ఒకరినొకరు ఇంగ్లీషులో 'హ్యాపీ సర్వైవల్' అని పలుకరించుకొనిరట. బ్రతికి మిగిలినందుకు శుభమని దాని భావము. పండుగకు చెప్పవలసిన మాటలు చావు తప్పినందుకు చెప్పుకొన్నారు. ఇంగ్లీషువారెన్నడును అట్లు కూర్పని మాటలవి.

యుద్ధానంతరము ప్రభుత్వము ఆ ప్రాంతపు ఖాతాదారులకు, పూర్వము బ్యాంకులో ఎంత దాచుకొన్నను, 20 పౌనులు మాత్రమే యిచ్చినది. అప్పుడు వారిని నిలువబెట్టినది ఒక పాత యాచారము. దానిని 'ఇగ్బా బొయి' అందురు. బొయి యనగా ఇంగ్లీషు 'బాయ్' అను మాటయే. కుర్రవానిని బంధువో గ్రామస్థుడో యైన వర్తకుని యొద్ద ఐదారేండ్లు, ఒక్కొక్కచో ఏడేండ్లు, విడిచిపెట్టుదురు. వాడు కొట్టు ఊడ్చును, సరకు మోయును, బేరము నేర్చును, జీతము లేదు. గడువు తీరినపిమ్మట యజమానుడు వానికి పెట్టుబడి యిచ్చి కొట్టు పెట్టించును. దీనిని ఇంగ్లీషుమాటతో 'సెటిల్' చేయుట యందురు. "నన్ను మా యజమాని సెటిల్ చేసెను" అని ఒనిత్సా సంతలో ఒకడు చెప్పినచో, ఇంగ్లీషు నిఘంటువు చూచువాడు తగవు తీర్చెననియో అప్పు చెల్లించెననియో అనుకొనును. ఒకని జీవితమే నిలబడినదని ఆ మాటకర్థము. గడువు దగ్గరపడగానే దొంగతనము మోపి కుర్రవానిని వట్టిచేతులతో వెడలగొట్టు యజమానులును లేకపోలేదు. కనుకనే ఆ మాట పలుకునప్పుడు వారి మొగమున వెలుగుండును.

ఈ మాటలు గ్రంథములలో చోటు సంపాదించుటకు చాలకాలము పట్టెను. 1913వ సంవత్సరమున ముద్రింపబడిన ఇగ్బో బైబిలులో పలు మాండలికములను కలిపి, ఏ యూరివారును పలుకని యొక భాషను కూర్చిరి. ఇగ్బోసీమలో బుట్టి ఇంగ్లీషున నవలలు వ్రాసిన చినువా ఆచెబె దానిని గట్టిగ నిరసించెను. మనదేశమున గిడుగు రామమూర్తిగారు చేసిన వాదము తెలిసినవారికి ఇది పాత కథవలె తోచును. ఇట్లు గ్రాంథికమున మాటలాడుచు వాడుకభాషను మెచ్చుకొనుచున్న నన్ను చూచి మీలో కొందరు నవ్వుకొనుచుందురు, నవ్వుకొనుడు.

రాత్రివేళ మాట యొకటి చెప్పి ముగించెదను. పూర్వము ఇగ్బో పల్లెలలో చీకటిపడిన తరువాత పామును పామనెడివారు కారు. వినునేమో యని త్రాడనెడివారు. మనవారు పురుగనునట్లే. రాత్రి సెలవు తీసుకొనునప్పుడు వారు "కా చి ఫో" అందురు. పట్టికలో 'గుడ్ నైట్' అని యుండును. అందు రాత్రి యను మాటయే లేదు. 'చి' యనగా తెల్లవారు వెలుగు. ప్రతి మనుష్యునకు తోడుగ నుండు దేవునికిని చి యనియే పేరు. ఈ రెండును ఒక్కటియేనా యని ఆచెబె యొక వ్యాసమున చర్చించెను. కా చి ఫో యనగా తెల్లవారుగాక యని యర్థము. మన మింటినుండి బయలుదేరునపుడు పోవుచున్నామనక పోయివచ్చెదమందుము గదా, ఆ జాగ్రత్తయే యిదియు. నాకిచ్చిన సమయము ముగియుచున్నది. పెద్దలందరికిని, కా చి ఫో.